తగ్గింది పాలా, తీయడమా?

పశువుల కొట్టంలో ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేని మాట ఒకటుంది: చేపు. దూడను వదిలితే, అది మూతితో నాలుగు కుమ్ములు కుమ్మితే బర్రె చేపుకొస్తుంది. పొదుగు బిగుస్తుంది, చన్నుల్లోకి పాలు దిగుతాయి. దూడను పక్కకు లాగి చెంబు పెట్టేది అప్పుడే. చేపు రాకుండా ఎంతసేపు పిండినా చెంబు అడుగు తడవదు. ఇంకో మాట ఒట్టిపోవడం. పాలు పూర్తిగా తీయకుండా, ఒక పూట పిండి ఒక పూట వదిలేస్తూ పోతే బర్రె కొన్నాళ్లకు ఒట్టిపోతుంది. చూడి బర్రెకు ఈతకు ముందు పాలు ఆపాలనుకున్న రైతు కావాలని చేసేదీ అదే.

మద్నూర్ చుట్టుపక్కల పాడి ఉన్న ఏ ఇంటికీ ఈ రెండు మాటలూ కొత్త కావు. కానీ ఆ ఇంటికే పురుడు పోసుకోవడానికి వచ్చిన బిడ్డ, పంపుతో పాలు తీసి పసిగుడ్డుకు పట్టిస్తూ, మూడో నెలలో "అమ్మా, పాలు తగ్గినయే" అన్నదనుకోండి. చేపు గురించీ అడగరు, ఒట్టిపోవడం గురించీ అడగరు. ఏం తిన్నవని అడుగుతారు. ఎవరి కండ్లు తాకినయో అంటారు. ఎల్లిపాయ కారం నూరుతారు, సాయంత్రం దిష్టి తీస్తారు. పశువు విషయంలో పిండే తీరును తప్పుపట్టే మనమే మనిషి విషయానికి వచ్చేసరికి తిండినీ తల్లినీ తప్పుపడతాం. పాలు ఎందుకు తగ్గుతాయన్న దాని మీద ఇంతవరకూ తెలిసినదంతా ఒకచోట పెట్టి చూస్తే, పంపు మీదే ఆధారపడిన తల్లికి పాలు తగ్గినప్పుడు చాలాసార్లు ముందు తగ్గింది పాలు కాదు, తీయడం. నా వాదన ఇదే. దీనికి మినహాయింపులున్నాయి, అవీ చెబుతాను.

పంపు మీదే ఆధారపడటం పట్నం ముచ్చట అనుకుంటే పొరపాటు. నెలలు నిండకముందే పుట్టి ఎస్‌ఎన్‌సీయూలో, అంటే ఆసుపత్రిలోని నవజాత శిశువుల ప్రత్యేక విభాగంలో, ఉన్న బిడ్డకు చప్పరించే బలం ఉండదు. తల్లి పిండి ఇస్తేనే ఆ బిడ్డకు తల్లిపాలు. అంగిలి చీలి పుట్టిన బిడ్డదీ అదే పరిస్థితి. సీసాకు అలవాటుపడి రొమ్ము పట్టడం మానేసిన పిల్లలున్నారు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ కొలువు చేస్తూ తల్లిగారింటికి పురిటికొచ్చిన అమ్మాయిలున్నారు. పొద్దున బడికి పోయి సాయంత్రం తిరిగొచ్చే టీచరమ్మలున్నారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు. పుట్టిన గంటలోపు తల్లిపాలు అందిన పిల్లలు 37.1 శాతమే. ఆపరేషన్ తర్వాత నొప్పి, మత్తు, బిడ్డ ఒక గదిలో తల్లి ఇంకో గదిలో ఉండటం, ఇవన్నీ కలిసి మొదటి గంటను మింగేస్తాయి. మూడో నెలలో వచ్చే కష్టానికి విత్తనం చాలాసార్లు అక్కడే పడుతుంది.

ఇక శరీరం లెక్క. మాయ బయటపడగానే ప్రొజెస్టిరాన్ పడిపోతుంది. రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపు పాలు దిగుతాయి. తొలి వారాల్లో పాలను నడిపేది రక్తంలోని ప్రొలాక్టిన్. పిండినప్పుడల్లా అది ఎగుస్తుంది, రాత్రిపూట మరీ ఎక్కువ. నెలా నెలన్నర దాటాక పెత్తనం మారుతుంది. అప్పటి నుంచి ఏ రొమ్ముకు ఆ రొమ్మే లెక్క చూసుకుంటుంది: ఖాళీ అయితే తయారుచేస్తుంది, నిండుగా ఉంటే చేయి నెమ్మది చేస్తుంది. స్కాట్లండ్‌లోని హన్నా పరిశోధన సంస్థలో పీకర్, వైల్డ్ బృందం దీన్ని మేకల మీద చూసింది. పాలల్లోనే పాల తయారీని అడ్డుకునే గుణం ఏదో ఉందని, పాలు నిలవ ఉన్నకొద్దీ అది పనిచేస్తుందని వాళ్లు 1980ల్లో, 90ల్లో వాదించారు. ఆ పదార్థం కచ్చితంగా ఏమిటన్నది ఇప్పటికీ తేలలేదు. నిలవ ఉంటే తగ్గుతుందన్న మాట మాత్రం నిలిచింది. మన రైతు 'ఒట్టిపోవడం' అన్నదీ ఇదే. మేకలను అడిగి తెలుసుకోవడానికి వాళ్లకు ప్రయోగశాల కావలసి వచ్చింది, అంతే తేడా.

రెండో నెల చివర రొమ్ములు మెత్తబడతాయి, గట్టిగా బిగుసుకోవడం పోతుంది. ఇది పెత్తనం మారిన గుర్తే తప్ప పాలు పోయిన గుర్తు కాదు. కానీ సరిగ్గా ఈ రోజుల్లోనే తల్లికి భయం పట్టుకుంటుంది. రొమ్ము పట్టే బిడ్డ తల్లికి ఒక మేలుంది, ఎంత తాగిందో కనపడదు. పంపు తల్లికి సీసా మీద గీతలుంటాయి. నిన్న 110 మిల్లీలీటర్లు, ఇయ్యాల 80. అంకె కనిపించాక మనసు ఊరుకోదు. పైగా ఫోన్ తెరిస్తే ఎవరో ఒకామె ఫ్రిజ్ నిండా పాల సంచులు పేర్చి చూపిస్తుంటుంది.

ఆ అంకెలకు కొలత కావాలంటే 2006లో పశ్చిమ ఆస్ట్రేలియాలో కెంట్, హార్ట్‌మన్ బృందం ప్రచురించిన లెక్క చూడాలి. ఒకటి నుంచి ఆరు నెలల మధ్య వయసులో, తల్లిపాలే తాగే ఆరోగ్యవంతులైన పిల్లలు రోజుకు సగటున 788 గ్రాములు తాగారు. సగటు మాట అలా ఉంచి, కింది కొస 478, పై కొస 1,356. ఆ పిల్లలంతా బాగానే పెరుగుతున్నారు. ఒక నెల పిల్లకూ అయిదో నెల పిల్లకూ కావలసిన పాలలో పెద్ద తేడా ఉండదన్నది ఇందులో ఇంకో ముచ్చట. కాబట్టి రోజంతా కలిపి 650 వస్తూ, బిడ్డ ఆరుసార్లకు తగ్గకుండా మూత్రం పోస్తూ, బరువు పెరుగుతూ ఉంటే అది తగ్గడం కాదు, ఆ తల్లి లెక్క అంతే. ఒక పూట సీసాను చూసి తీర్పు చెప్పుకోకుండా మూడు రోజుల మొత్తం కట్టి చూడాలి. ఒకసారికి నిలవ ఉండే పాలు కూడా మనిషి మనిషికీ మారతాయి. ఎక్కువ నిలిచే తల్లి రోజుకు అయిదుసార్లు తీసినా నెట్టుకొస్తుంది. తక్కువ నిలిచే తల్లి అదే అయిదుసార్లకు దిగితే పాలు పడిపోవచ్చు. ఒకరి సలహా ఇంకొకరికి పనిచేయకపోవడానికి సగం కారణం ఇది.

నిజంగానే తగ్గిందని తేలితే మొదట చూడాల్సింది యంత్రాన్ని. బిడ్డ నోరు అరిగిపోదు, పంపు అరిగిపోతుంది. పంపులో పాల దారి దగ్గర సిలికాన్‌తో చేసిన చిన్న వాల్వు ఉంటుంది, బాతు ముక్కు ఆకారంలో. రోజుకు ఏడెనిమిది సార్లు వాడి, వేడి నీళ్లలో ఉడకబెడుతూ పోతే కొన్ని వారాల్లోనే దాని పెదవులు సాగి మూసుకోవడం మానేస్తాయి. మోటారు చప్పుడు మారదు, గుంజుడు మాత్రం సగమవుతుంది. తల్లి తన ఒంటిని తిట్టుకుంటూ ఉంటుంది, తప్పు వాల్వుది. తర్వాత చూడాల్సింది రొమ్ముకు పెట్టే గరాటు. డబ్బాలో చాలాసార్లు 24 మిల్లీమీటర్లది వస్తుంది. చనుమొన కొలత అంతకు చిన్నదైతే చుట్టూ చర్మం కూడా లోపలికి లాగబడి నొప్పి వస్తుంది, పాలు రావు. స్కేలుతో మొన అడ్డం కొలిచి, దానికి తగిన గరాటు తెప్పించుకోవడం పది బాలింత లడ్డూలు తినడం కన్నా మేలు. ఇక బ్యాటరీ. చార్జింగ్ పంపు పాతబడితే బలం తగ్గుతుంది. చేతిలో ఇమిడే చిన్న పంపు అప్పుడప్పుడూ వాడటానికి చేసింది, రోజంతా దాని మీదే నడిపితే అది అలసిపోతుంది. మన ఊళ్లో పంపు ఆన్‌లైన్‌లో వస్తుంది సరే, వాల్వు కోసం పట్నానికి పోవాల్సిందేనా? కొనేటప్పుడే రెండు జతలు తెప్పించుకుంటే ఆ బాధ ఉండదు.

యంత్రం గురించి ఇక్కడో పిట్టకథ. అమెరికాలో 1920ల్లో కరెంటు పంపుకు పేటెంటు తీసుకున్న ఎడ్వర్డ్ లాస్కర్ పేరున్న చదరంగం ఆటగాడు కూడా. 1956లో స్వీడన్ ఇంజనీరు ఐనార్ ఎగ్నెల్ గుంజే బలానికీ లయకూ హద్దులు పెట్టి, నొప్పి తగ్గించిన పంపు చేశాడు. ఇప్పటి పంపులు మొదట వడివడిగా, తర్వాత నిదానంగా, లోతుగా గుంజుతాయి. మొదటిది చేపు కోసం, రెండోది పాలు తీయడానికి. దూడ కూడా అంతే కదా, ముందు కుమ్ములు, తర్వాత గుటకలు. చాలామంది తల్లులు తొలి మీటను ఒకసారే నొక్కి ఊరుకుంటారు. పాలు ఆగినప్పుడు మళ్లీ వడి గుంజుడుకు మారిస్తే ఇంకోసారి చేపు వస్తుంది. అయిదారు నిమిషాల తర్వాత ఆగిన పాలు మళ్లీ కారడం చూస్తే నమ్మకం కలుగుతుంది.

చేపును నడిపేది ఆక్సిటోసిన్. దానికి భయం గిట్టదు, నొప్పి గిట్టదు, తలుపు దగ్గర నిలబడి "ఇంకా కాలేదా" అనే గొంతు అసలే గిట్టదు. బిడ్డ ఎస్‌ఎన్‌సీయూలో ఉన్నప్పుడు దాని గుడ్డ ఒకటి దగ్గర పెట్టుకోవడం, ఫోన్‌లో ఫొటో చూసుకోవడం, పంపుకు ముందు రొమ్ము మీద వెచ్చని గుడ్డ వేసుకోవడం పాత సలహాలే, పనికొచ్చేవే. అన్నిటికన్నా బలమైనది బిడ్డను గుండె మీద చర్మానికి చర్మం ఆనించి పడుకోబెట్టుకోవడం. 1978లో కొలంబియా రాజధాని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక మొదలైన ఈ కంగారూ పద్ధతి ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు. బరువు తక్కువ బిడ్డ ప్రాణానికి ఎంత మేలో తల్లి పాలకూ అంత మేలు. బిడ్డ నోరు పట్టలేకపోయినా ఎద మీద ఉంటే చాలు.

ఇక తీరు. తొలి నెలలో రోజుకు ఎనిమిది సార్లకు తగ్గకుండా, అందులో ఒకటి రాత్రి ఒంటిగంటకూ తెల్లారి అయిదింటికీ మధ్య తీయాలన్నది సాధారణంగా అందరూ ఒప్పుకునే లెక్క. పాలు తగ్గిన తల్లిని కూర్చోబెట్టి నిన్నటి రోజంతా గంటల వారీగా చెప్పించుకుంటే చాలాసార్లు కారణం దానంతట అదే బయటపడుతుంది. రాత్రి పూట మానేసింది. బడి మొదలయ్యాక పదింటి నుంచి అయిదింటి దాకా ఒక్కసారే తీస్తోంది. పెళ్లికి దెగ్లూర్ పోయి రెండు రోజులు వదిలేసింది. జ్వరమొచ్చి పడుకుంది. ఎనిమిది అయిదైంది. అంతే.

తీయడం పెంచడానికి ఇప్పుడు బాగా వినపడేది పవర్ పంపింగ్: ఇరవై నిమిషాలు తీసి పది ఆగి, మళ్లీ పది తీసి పది ఆగి, ఇంకో పది తీయడం, రోజుకో గంట. పసిపిల్ల మాటిమాటికీ రొమ్ము పట్టడాన్ని అనుకరించే ఆలోచన ఇది. దీని మీద గట్టి పరీక్షలు తక్కువ. అయితే చెడు కూడా పెద్దగా లేదు. వారం చేసి చూడవచ్చు. ఒంటరిగా ఇద్దరు పిల్లలతో ఉన్న తల్లికి రోజుకో గంట ఎక్కడిదని మాత్రం సలహా ఇచ్చేవాళ్లు అడగరు. దానికన్నా నాకు నమ్మకం కలిగించేది చేయి. స్టాన్‌ఫోర్డ్‌లో జేన్ మోర్టన్ బృందం 2009లో చూపింది ఇదే: నెలలు నిండని పిల్లల తల్లులు మొదటి మూడు రోజుల్లో చేత్తో తరచుగా పిండుకుని, ఆ తర్వాత పంపు నడుస్తుండగా చేత్తో రొమ్మును ఒత్తుకుంటూ తీస్తే పాలు బాగా పెరిగాయి. చేతి పద్ధతికి వాల్వు అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. ఏఎన్ఎం, ఆశ కార్యకర్తలకు 2016లో మొదలైన 'మా' కార్యక్రమంలో తల్లిపాల సలహాలు ఇచ్చే శిక్షణ ఉంది. అడిగితే నేర్పేవాళ్లు దొరుకుతారు. పిండిన పాలు పట్టడానికి మన ఉగ్గుగిన్నె ఉండనే ఉంది. సీసా తప్పనిసరి కాదు.

ఇక్కడొక హెచ్చరిక. 'ఖాళీ చెయ్, ఇంకా ఖాళీ చెయ్' అనే సలహాకు హద్దుంది. తల్లిపాల వైద్యుల అంతర్జాతీయ అకాడమీ 2022లో రొమ్ము వాపు మీద తన సూచనలు తిరగరాసింది. గట్టిగా మర్దన చేయొద్దని, వాపు వచ్చిన రొమ్మును పదేపదే పంపుతో పిండితే వాపు ఇంకా పెరుగుతుందని, చల్లదనం మేలని చెప్పింది. గడ్డను నలిపి కరిగించాలనే మన ఇళ్లలోని పాత అలవాటుకు ఇది పూర్తిగా ఎదురు. జ్వరం, ఎర్రదనం ఉంటే డాక్టరు దగ్గరికి పోవాలి, మంత్రసాని చేతికి కాదు.

తిండి దగ్గరికి వద్దాం, ఇల్లంతా దీని కోసమే ఎదురుచూస్తుంది కాబట్టి. మద్నూర్ మూడు రాష్ట్రాల అంచున ఉంది. ఒక పక్క నాందేడ్ జిల్లా దెగ్లూర్, ఇంకో పక్క బీదర్ సీమ. బాలింత పళ్లెంలో ఆ సరిహద్దులు చెరిగిపోతాయి. తెలుగింట్లో ఎల్లిపాయ కారం, మెంతులు, మునగాకు. మరాఠీ ఇంట్లో డింక్ లాడూ, అళీవ్ ఖీర్, శేపూ కూర, అంటే మన సోయకూర. అన్నిటిలోనూ బలముంది. పాలు పెంచుతాయా? 2020లో కాక్రేన్ సంస్థ నోటితో తీసుకునే పాల మందుల మీద, ఆకులూ మూలికలూ కలిపి, 41 పరీక్షలను, 3,005 మంది తల్లులను ఒకచోట చేర్చి చూసింది. కొన్ని కొంత మేలు చేయవచ్చు గానీ ఆధారం బలహీనం, ఎంత పెరుగుతుందో నమ్మకంగా చెప్పలేం అని తేల్చింది. మెంతులు పొడిగా, మాత్రలుగా ఎక్కువ తింటే కడుపు కదులుతుంది, షుగరు మందులు వాడేవారికి షుగరు పడిపోవచ్చు. పోపులో మెంతులకు ఈ భయం లేదు. ఎల్లిపాయ మీద 1991లో మెనెల్లా, బోషాంప్ చేసిన పరీక్ష సరదాగా ఉంటుంది: తల్లి ఎల్లిపాయ తింటే పాలకు ఆ వాసన వచ్చింది, పిల్లలు రొమ్ము దగ్గర ఎక్కువసేపు ఉన్నారు. పంపు తల్లికి అది పనికిరాదు, పంపుకు ముక్కు లేదు.

నాకు కోపం తెప్పించేది పెట్టేది కాదు, ఆపేది. బాలింతకు నీళ్లు ఎక్కువిస్తే పొట్ట వస్తుందని, పండ్లు చలువ చేస్తాయని, పప్పు వాతమని పథ్యం పెడతారు. నీళ్లు ఎక్కువ తాగితే పాలు పెరగవన్న మాట నిజమే. కానీ మే నెల ఎండలో దాహమై అడిగిన తల్లికి అరగ్లాసు ఇచ్చి పంపడం వేరే సంగతి. జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫారసుల ప్రకారం పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు రోజుకు 600 కేలరీలు అదనంగా కావాలి. రెండు రొట్టెలు, గిన్నెడు పప్పు, ఒక గుడ్డు, గ్లాసు పాలు మామూలు తిండికి పైన. 2015 నుంచి అంగన్‌వాడీల్లో ఆరోగ్యలక్ష్మి కింద పెట్టే పూట భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు దీన్ని చాలావరకు పూడ్చగలవు. బాలింత గడప దాటొద్దనే ఇళ్లలో ఆ పళ్లెం ఆమెకు చేరుతుందా లేదా అన్నదే ప్రశ్న.

మందుల దుకాణం సంగతి క్లుప్తంగా. డోంపెరిడోన్ ప్రొలాక్టిన్‌ను పెంచుతుంది. నెలలు నిండని పిల్లల తల్లుల మీద జరిగిన రెండు చిన్న పరీక్షలను కలిపి 2012లో కాక్రేన్ చూస్తే రోజుకు సుమారు 99 మిల్లీలీటర్ల పెరుగుదల కనిపించింది. మన దగ్గర ఇది గ్యాస్ మాత్రల్లో కలిసి అడగ్గానే దొరుకుతుంది. కొందరిలో గుండె లయను తప్పిస్తుంది, అందుకే 2004లో అమెరికా మందుల సంస్థ పాల కోసం వాడొద్దని హెచ్చరించింది. గుండె సంగతి చూసి డాక్టరు రాస్తే వేరు, దుకాణంలో అడిగి కొనుక్కోవడం వేరు. మెటోక్లోప్రమైడ్ మనసును కుంగదీయగలదు, బాలింతకు అసలే వద్దు.

పాలు పెంచే మందుల కన్నా తగ్గించే మందుల మీద చూపు తక్కువ పడుతోంది. మూడో నెలలో ఉన్నట్టుండి తగ్గితే ముందు అడగాల్సింది, కుటుంబ నియంత్రణ మాత్ర మొదలుపెట్టావా అని. మాలా-ఎన్, మాలా-డి లాంటి మాత్రల్లో ఈస్ట్రోజన్ ఉంటుంది, అది పాలను తగ్గించగలదు. మొదటి ఆరు నెలల్లో పాలిచ్చే తల్లికి ఛాయ మాత్ర, కాపర్-టీ మేలు. అంతర ఇంజెక్షన్ ఆరు వారాల తర్వాత. ఈ మూడూ సర్కారు దవాఖానలో దొరుకుతాయి. ముక్కు దిబ్బడకు వేసుకునే సూడోఎఫెడ్రిన్ ఒక్క మోతాదు రోజు పాలను 24 శాతం తగ్గించిందని 2003లో పశ్చిమ ఆస్ట్రేలియాలో ఎనిమిది మంది తల్లుల మీద చూశారు. నెలసరి తిరిగొచ్చిన కొన్ని రోజులు తగ్గి మళ్లీ వస్తాయి. థైరాయిడ్ తేడా, కాన్పులో ఎక్కువ రక్తం పోవడం, మాయ ముక్క లోపల మిగిలిపోవడం, పుట్టుకతోనే పాల కణజాలం తక్కువగా ఉండటం, మళ్లీ గర్భం, ఇవి నా వాదనకు మినహాయింపులు. ఎంత తీసినా ఇక్కడ పాలు సరిపడా రాకపోవచ్చు. ఇలాంటి తల్లిని 'సరిగ్గా తీయడం లేదు' అని నిందిస్తే అది ఎల్లిపాయ కారం కన్నా క్రూరం.

మద్నూర్ ఉన్న ఈ జిల్లాకు ఒక మంచి పేరుంది. బాన్సువాడ మాతా శిశు ఆసుపత్రికి 2022లో తల్లిపాల స్నేహ ఆసుపత్రిగా గుర్తింపు వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ 1991లో మొదలుపెట్టిన ఆ ఒరవడిలో మన దేశంలో పరీక్షించి ముద్ర వేసేది బ్రెస్ట్‌ఫీడింగ్ ప్రమోషన్ నెట్‌వర్క్ ఆఫ్ ఇండియా. పుట్టిన గంటలో పాలు, డబ్బా పాలకు చోటులేని వార్డు, బిడ్డ దూరమైతే తల్లికి పాలు తీయడం నేర్పడం ఆ ముద్రకు షరతులు. పట్నంలో పెద్ద బిల్లు కట్టినచోట దొరకనిది పల్లె సర్కారు దవాఖానలో దొరకడం గొప్పే. కానీ ఆసుపత్రి ఇచ్చే ఊతం కాన్పయిన తొలి వారందాకే. పాలు తగ్గేది రెండు మూడు నెలలకు, ఇంట్లో.

తల్లిపాలు చాలని బలహీన బిడ్డకు దాత పాలున్నాయి. 1989లో ముంబయి సైన్ ఆసుపత్రిలో డాక్టర్ ఆర్మిడా ఫెర్నాండెజ్ ఆసియాలోనే తొలి తల్లిపాల బ్యాంకు పెట్టారు. హైదరాబాద్ నీలోఫర్‌లో 'ధాత్రి' పనిచేస్తోంది. ఈ పాలు ముందు ఆసుపత్రిలోని నెలతక్కువ పిల్లలకే, ఇంట్లో ఉన్న మూడు నెలల బిడ్డకు కావు. ఆ బిడ్డకు లోటు పూడ్చేది డబ్బా పాలే. డబ్బా మీద కోపంతో బర్రె పాలల్లో నీళ్లు కలిపి పట్టడం అంతకన్నా చెడ్డది, ఆరు నెలల్లోపు బిడ్డ మూత్రపిండాలకు అది భారం. పొడి ఎక్కువ రోజులు రావాలని పల్చగా కలపడం ఇంకా చెడ్డది. తల్లి 400 తీయగలిగితే 400 తల్లిపాలు, మిగతాది కొలత ప్రకారం కలిపిన పాలు. ఆ 400 తక్కువవి కావు. తీసిన పాలు 25 డిగ్రీల దగ్గర నాలుగు గంటలు నిలుస్తాయంటారు. మన వేసవిలో నట్టింట్లోనే అంత చల్లదనం ఉండదు, వెంటనే ఫ్రిజ్‌లో పెట్టాలి.

ఇక కొలువు. 2017 సవరణతో ప్రసూతి సెలవు 26 వారాలైంది, మొదటి ఇద్దరు పిల్లలకు. బిడ్డకు పదిహేను నెలలు నిండేదాకా రోజుకు రెండు పాల విరామాలు 1961 చట్టం నుంచే ఉన్నాయి. ఆ చట్టం రాసినవాళ్ల కళ్లముందు ఉన్నది బిడ్డను తెచ్చి పాలిచ్చే తల్లి, సీసా పట్టుకుని చోటు వెతుక్కునే తల్లి కాదు. బడిలో ఆ చోటు ఎక్కడ? స్టాఫ్ రూంలో మగవాళ్లుంటారు, బాత్రూం అన్నం వండుకునే చోటు కాదు, పాలు తీసే చోటూ కాదు. అమెరికాలో ఉన్న మన అమ్మాయిలకు సెలవు తక్కువ. కానీ 2022 డిసెంబరులో వచ్చిన చట్టం బాత్రూం కాని చోటు ఇవ్వాలని యజమానికి రాసిపెట్టింది. పత్తి చేలో కూలికి పోయే తల్లికి ఈ రెండు చట్టాలూ ఒకటే, రెండూ అందవు. ఆమె మధ్యాహ్నం చెట్టు చాటున చేత్తో పిండి నేల మీద వదిలినా సరే, ఆ పూట లెక్కలోకి వస్తుంది. రొమ్ము నిండుగా ఉండిపోకపోతే చాలు.

ఎన్ని చేసినా, లేక చేయాలని లేకపోయినా, ఆపే రోజు వస్తుంది. అప్పుడు కూడా ఒక్కరోజులో ఆపొద్దు, గడ్డలు కట్టి జ్వరమొస్తుంది. చూడి బర్రెను ఒట్టిపోయేలా చేసే రైతు ఓపికే ఇక్కడా కావాలి: నాలుగైదు రోజులకు ఒక పూట చొప్పున వదులుతూ, మిగిలిన పూటల్లో బిగువు తీరేంత వరకే తీస్తూ పోవాలి. చివరగా వదిలేది తెల్లవారుజాము పూట. ఎక్కువ పాలు వచ్చేది అప్పుడే.